ముప్పై రెండు అంగుళాల పరీక్ష

కొత్త గేమింగ్ మానిటర్ మీది ప్లాస్టిక్ పొర తీయాలా వద్దా అని సిరిసిల్లలోని మా ఇంట్లో పొద్దున్నే గొడవ మొదలైంది.

"తియ్యకు బిడ్డా! మంచిగ లేకుంటే ఇయ్యాల్నే వాపసియ్యాలె," అన్నారు మామయ్య రాజేశం.

మూడు నెలలు ఎదురుచూసి కొనిపించుకున్న మా అమ్మాయి శ్రీనిజ ముఖం చిన్నబోయింది. గేమ్‌లో కారును పరుగెత్తించి చూపించింది.

నడిచే మరమగ్గం మీద తెగిన పోగును ముప్పై ఏళ్లు పట్టుకున్న కళ్లు మామయ్యవి. "పాతదాని లెక్కనే అదురుతుంది గదనే!"

నాకూ అలాగే అనిపించి సెట్టింగ్స్ తెరిచాను. సెకనుకు నూట ఎనభై సార్లు మారగల తెర అరవై దగ్గరే ఉంది. మార్చాను. కారు ఎక్కడా అదరకుండా సాగింది.

"గిప్పుడు సాఫ్‌గున్నది!" మామయ్య చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆయనే ప్రకటించారు: "వాపసిచ్చేది లేదు. కని శ్రీనిజా, నాకు గా కారు తోలుడు నేర్పాలె."