నేనున్నాగా

ఆక్యుపేషనల్ థెరపిస్టు అనడానికి ఆ వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. జబ్బుపడి లేచినవాళ్లకు తమ పనులు తాము చేసుకోవడం ఇళ్లకొచ్చి నేర్పుతుంది గనక ఆ అమ్మాయికి 'పనులమ్మ' అని పేరు పెట్టేశారు.

పక్షవాతం నుంచి కోలుకుంటున్న దర్జీకి ఒకటే ఆరాటం, మళ్లీ కత్తెర పట్టాలని. పనులమ్మ సరేననేదాకా కుదరదని భార్య దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి బీరువాకే వదిలేసింది. తిప్పడం ఆయన వల్ల కాదని ధీమా.

"చొక్కా గుండీలు పెట్టుకోండి బాబాయ్," అంది పనులమ్మ.

ఆయన వేళ్లు కదిలేలోపే భార్య చేతులు వాలాయి. "నేనున్నాగా!"

గ్లాసు ఎత్తమంటే, అది ఆయన పెదవుల దగ్గర ప్రత్యక్షమైంది. "నేనున్నాగా!"

"పిన్నీ, పరీక్షలో మీరు ఫస్టుక్లాసులో పాసయ్యారు. బాబాయిని కూడా కాస్త రాయనివ్వండి."

"ఏం చెయ్యను తల్లీ, ఆయన తడబడుతుంటే నా చేతులు ఊరుకోవు."

పనులమ్మ కాలేజీలో వేళ్ల నరాల గురించి చదివింది గానీ, భార్యల చేతుల గురించి ఏ పుస్తకంలోనూ లేదు. ఆరోగ్యకేంద్రంలో సీనియరుతో మొరపెట్టుకుంటే ఆవిడ పకపకా నవ్వింది. "ఆవిడ చేతులకు ముందు పని చెప్పు. నేనొకింట్లో అత్తగారి ఒళ్లో మనవణ్ణి కూర్చోబెట్టి గట్టెక్కాను."

ఈ ఇంట్లో మనవడు లేడు. దారం ఉంది.

మరుసటి వారం పనులమ్మ వచ్చీ రాగానే దర్జీ బుట్టలోంచి దారం తీసి, పిన్ని రెండు చేతులకూ చుట్టింది. "దించకండి, చిక్కుపడుతుంది."

దర్జీ వంకర మూతితో నవ్వాడు. "ఇన్నేళ్లకు నీ చేతులు కట్టేసే మనిషి దొరికిందే!"

గుండీతో ఆయన కుస్తీ మొదలైంది. అటు భార్యకు చెమటలు. "అయ్యో, పక్క కాజాలో పెడుతున్నారండీ!"

"దారం ఇంకా మిగిలింది పిన్నీ. నోటిక్కూడా సరిపోతుంది."

గుండీలన్నీ ఒక కాజా తప్పి కూర్చున్నాయి. దర్జీ వంగి చూసుకున్నాడు. "ఇలా వీధిలోకెళ్తే నా చేత బట్టలెవడు కుట్టించుకుంటాడు?" అని, ఎవరూ చెప్పకుండానే అన్నీ విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఆ విప్పడం చూశాక పనులమ్మకు ఇంక అనుమానం లేదు. "పిన్నీ, కత్తెర తియ్యండి."

"చేతులు కట్టేసి తియ్యమంటే ఎలాగమ్మాయ్?"

దర్జీ గోడ పట్టుకుని లేచాడు. "నేనున్నాగా!"

తాళం రెండుసార్లు మొరాయించి, తిరిగింది. భార్య చేతుల మధ్య వేలాడుతున్న దారాన్ని ఆయన కత్తెరతో అందుకునేసరికి ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుంది.

కిచుక్కున తెగింది.

"కళ్లు తెరువు," అన్నాడు దర్జీ. "నీ వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకో."