కుట్టకూడని చింపు

లుంగీలు కొనేదానికి గుడియాత్తం వచ్చి, ఆదిమూలం మగ్గం కాడ కూర్చోనుండిన కొచ్చి యూదు షావుకారు ఎలియాహుకు తంతి వచ్చింది, వాళ్లమ్మ పోయిందని. ఆయన లేచి నిలబడి, పాటలాంటి ప్రార్థనేదో గొణుగుతా, గుండె మీద చొక్కాను పర్రున చింపుకున్నాడు.

ఆదిమూలానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేసేవోని ఇంట్లో గుడ్డ చింపుతారా సామీ? ఇట్లియ్యండి, కుట్టిస్తా!"

"కుట్టకూడదప్పా," అని ఎలియాహు నేలమీద కూలబడినాడు. "అమ్మ కోసం చింపింది జన్మంతా కనబడాల. మాకదే ఓదార్పు."

తెగిన పోగును కనబడకుండా ముడేసేదే ఆదిమూలం బతుకంతా చేసిన పని. పోయినేడు భార్య పుష్పవతి పోయినప్పుడూ అంతే, కంటతడి ఎవరికీ కనబడనీకుండా నేసేదానికి మగ్గం గుంటలోకి దిగినాడు.

"పెండ్లానికైతేనో?" అన్నాడు మెల్లగా.

"నెల పోయినాక కుట్టుకోవచ్చు."

"ఏం సట్టమయ్యా అది!" ఆదిమూలం మళ్లా మండిపడినాడు. భుజం మీది తుండు పుష్పవతి చుట్టిన నూలు కండెలతో నేసింది. దాన్ని లాగి పర్రున చింపి, షావుకారు పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"మా పుష్పకు నెల చాలదు. దీన్ని నేను కుట్టను. ఆ పాట మీరు మళ్లా పాడండి సామీ, ఈసారి ఇద్దరికీ కలిపి."