మారెన్ తల

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. తప్పులుంటే, కథ మెల్లగా నడిస్తే మన్నించండి. రాయమని మా పక్కింటి మారెనే అడిగింది.

మారెన్ డ్వొరాక్ పద్నాలుగేళ్లు దేశం తరఫున సాకర్ ఆడింది. వెనక వరుసలో నిలబడి, గోలు మీదికి ఎగిరొచ్చిన ప్రతి బంతినీ నుదుటితో కొట్టి పంపేసేది. ఆట మానేసి ఆరేళ్లయింది. ఈ మధ్య తెలిసినవాళ్ల పేర్లు కూడా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. తలకి ఇంకొక్క దెబ్బ కూడా తగలకూడదన్నాడు డాక్టరు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

అలాంటప్పుడు పాత కెప్టెన్ టమారా ఫోన్ చేసింది. పాత జట్టంతా కలిసి పెద్ద స్టేడియంలో ఆఖరుసారి ఒక మ్యాచ్ ఆడుతున్నారట.

"నువ్వు లేకపోతే వెనక గోడ లేనట్టేనే. వస్తున్నావా, ముసలిదానివైపోయావా?"

"నీకన్నా మూడేళ్లు చిన్నదాన్నే తల్లీ! శనివారం చెబుతాలే."

వెళ్లాలని ప్రాణం లాగుతోంది. తల పెట్టకుండా కాళ్లతోనే ఆడితే సరిపోదా అనుకుంది మారెన్.

శనివారం పొద్దున ఆమె శిక్షణ ఇచ్చే పదేళ్ల ఆడపిల్లల ప్రాక్టీసు. ఆ వయసువాళ్లు బంతిని తలతో కొట్టకూడదని నియమం. కొడితే అవతలి జట్టుకి ఫ్రీ కిక్. ఆ రోజు ఒక పిల్ల తక్కువైతే మారెనే వెనక వరుసలోకి దిగింది, తనని తాను పరీక్షించుకుందామని.

పావుగంట బాగానే గడిచింది. అప్పుడు మూల నుంచి బంతి గాల్లోకి లేచింది. ఛాతీతో ఆపాలనుకుంది. అనుకోవడం పూర్తి కాకముందే మడమలు నేలని వదిలాయి. నుదుటి మీద ఠప్పుమంది.

పిల్లలు గొల్లున నవ్వారు.

"కోచ్! తల! తల!" వీజీ అనే పిల్ల వేలు చూపించింది. "రోజూ మాకు చెప్తారుగా! ఫ్రీ కిక్ మాదే!"

"మీదేలే, తీసుకోండి."

"తప్పు చేస్తే మైదానం చుట్టూ ఒక రౌండు అన్నారు కూడా!"

"అదీ కొడతానమ్మా."

నవ్వుతూనే పరుగెత్తింది. రౌండు పూర్తయ్యేసరికి కనుబొమల వెనక నొప్పి మొదలైంది. నొప్పికన్నా, తనని అడక్కుండా ఎగిరిన ఆ ఒళ్లే ఆమెని భయపెట్టింది. పదిమంది పిల్లల ముందే ఆగనిది, ఇరవై వేలమంది అరుస్తుంటే ఆగుతుందా?

పిల్లలు వెళ్లాక కారులో కూర్చుని టమారాకి ఫోన్ చేసింది.

"నేను రావడం లేదే."

"ఏం, మోకాలా?"

"కాదు. తల." డాక్టరు చెప్పినదంతా చెప్పేసింది.

 అవతల టమారా గొంతు తగ్గించి అడిగింది.

"ఆ డాక్టరు నంబరు నాకూ ఇవ్వవే. మొన్న వండుతూ వండుతూ పొయ్యి మీద గిన్నె మర్చిపోయి బజారుకెళ్లిపోయాను."

"రాసుకో," అంది మారెన్.

ఓపల్ హ్రుష్కా, డెబ్బై నాలుగేళ్లు, విల్బర్, నెబ్రాస్కా