ఉచ్ఛ్వాస సమయమున

తేనక్క గొంతుతో బతికే మనిషి. పద్దెనిమిదేళ్ల కిందట ఒక తేనె ప్రకటనకు రెండు వాక్యాలు చెబితే ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయేట్టున్నారు.

ఆ రోజు పని చిన్నదే. ఆయాసం ఉన్నవాళ్లు నోట్లో పెట్టుకుని మందు పీల్చే పంపు ఎలా వాడుకోవాలో చూపించే నాలుగు నిమిషాల వీడియో. ఆసుపత్రుల్లో రోగులు కూర్చునే చోట టీవీలో వేస్తారట. బొమ్మ అంతా సిద్ధంగా ఉంది, గొంతు పెట్టడమే తరువాయి. పదిన్నరకు మొదలుపెడితే పన్నెండుకల్లా ఇంట్లో ఉండొచ్చనుకుంది.

స్టూడియో అంటే మూడో అంతస్తులో, పళ్ల డాక్టరు పక్కన, రెండు గదులు. లోపలి గదిలో గోడలనిండా స్పాంజి, ఒక మైకు, కాగితాలు పెట్టుకునే స్టాండు, ఎటు కూర్చున్నా నడుం పట్టేసే స్టూలు. ఏసీ చప్పుడు మైకులో పడుతుందని రికార్డింగ్ అంతసేపూ ఆపేస్తారు. అద్దానికి అవతల, పదేళ్లుగా ఆమె తప్పుల్ని కత్తిరిస్తున్న ఇంజనీరు. అతని పక్కన, వీడియో చేయిస్తున్న సంస్థ నుంచి వచ్చిన కోఆర్డినేటరమ్మాయి. ఆమె ఒళ్లో స్క్రిప్టు, పేజీ పేజీకీ ‘ఆమోదించడమైనది’ అన్న ముద్ర, కింద ఒక సంతకం.

రెండు పేజీలు బండి సాఫీగా నడిచింది. మూడో పేజీలో ఈ వాక్యం ఎదురైంది: “పరికరమును నోటియందుంచుకొని, ఉచ్ఛ్వాస సమయమున మీటను నొక్కవలెను.”

తేనక్క చదివింది. చదివి ఆగిపోయింది.

“ఏమైందక్కా? బాగానే వచ్చిందిగా,” అన్నాడు ఇంజనీరు.

“రావడం వచ్చింది. ఉచ్ఛ్వాసం అంటే ఏంటి తమ్ముడూ?”

“వదలడం.”

“పీల్చడం అండీ,” అంది కోఆర్డినేటరు. ఒక్క క్షణం ఆగి, “పీల్చడమే కదా?” అంది.

“చూశారా! ఉన్నదే ముగ్గురం. అందులో ఒకరు వదిలేటప్పుడు నొక్కుతారు, మందు కాస్తా గాల్లో కలిసిపోతుంది. ‘గాలి పీల్చేటప్పుడు నొక్కండి’ అంటే పోలా?”

“మీరన్నది నిజమే మేడమ్. కానీ అప్రూవ్ అయిపోయింది. ఒక్క అక్షరం మారినా మళ్లీ పైకి పంపాలి.”

“ఇది రాసిన మహానుభావుడికి ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా?”

ఆ అమ్మాయి ముద్ర వైపు చూసింది.

తేనక్క గదిలోంచి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు తొమ్మిదేళ్లుగా పంపు వాడుతున్న మనిషి. స్పీకరులో పెట్టి, “అత్తయ్యా, పంపు ఉచ్ఛ్వాస సమయంలో నొక్కాలి అంటే మీకేం అర్థమవుతుంది?” అని అడిగింది.

“ఎవరన్నారే? డాక్టరా? అయ్యో, నేను ఇన్నేళ్లూ పీల్చేటప్పుడు నొక్కుతున్నానే! అందుకే తగ్గలేదా?”

“పీల్చేటప్పుడే అత్తయ్యా. మీరు చేసేది కరెక్టే.”

“మరి ఉచ్ఛ్వాసం అంటావేం?”

ఇంజనీరు నవ్వాపుకోలేక కుర్చీ అటు తిప్పేసుకున్నాడు. ఆవిడ అనుమానం తీర్చేసరికి తేనక్క తల ప్రాణం తోకకొచ్చింది.

కోఆర్డినేటరు తన ఆఫీసరుకు ఫోన్ చేసింది. ముందు ఉన్నది ఉన్నట్టు రికార్డు చేయించండి, మిగతాది తర్వాత చూద్దాం అన్నాడాయన. తేనక్క మళ్లీ మైకు ముందుకెళ్లింది.

“అక్కా, తిట్టినట్టు వస్తోంది.”

ఇంకోసారి చెప్పింది.

“ఇప్పుడు వెక్కిరించినట్టుంది.”

పదకొండు సార్లు చెప్పింది. ‘ఉచ్ఛ్వాస’ దగ్గరకొచ్చేసరికి పళ్లు వాటంతటవే బిగుసుకుంటున్నాయి. ఏసీ లేని గదిలో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. పన్నెండో సారికి ఎలాగో తేనె కారింది, మిగతా పేజీలూ అయిపోయాయి. ఒంటిగంటకు ఆఫీసరే ఫోన్ చేసి, అనుమానం ఉంది కాబట్టి ఊపిరితిత్తుల డాక్టరుగారిని అడగడం మంచిది, ఆయన రౌండ్స్‌లో ఉన్నారు, మీరు అక్కడే ఉండండి అన్నాడు.

ఉన్నారు. తెచ్చుకున్న డబ్బాలు తిన్నారు. గోడ అవతల పళ్లు అరగదీస్తున్న చప్పుడు విన్నారు. తేనక్క ఆ మధ్యలో ఇద్దరు అధికారులకు ఫోన్‌లో ఇదే సంగతి మొదటినుంచి చివరిదాకా వివరించింది. రెండోవాడైతే అంతా విని, “మీరు వాయిస్ ఆర్టిస్టా, తెలుగు పండితులా?” అన్నాడు.

“రెండూ కాదు బాబూ. ఆయాసం మనిషి ఉన్న ఇంటి కోడల్ని,” అంది గట్టిగా. ఆ గట్టితనానికే గొంతు బొంగురుపోవడం మొదలైంది.

నాలుగున్నరకు డాక్టరు ఫోన్‌లో దొరికాడు. “ఉచ్ఛ్వాసమా? ఎవరమ్మా రాసింది? పీల్చేటప్పుడు అని చెప్పండి! పంపే ముందు ఒక్కరూ చూసుకోరా?” అని కోఆర్డినేటరును కడిగేశాడు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంటూ మూడో పేజీ తేనక్క ముందు పెట్టింది. ముద్ర కింద సంతకం ఆ డాక్టరుదే.

“గాలి పీల్చేటప్పుడు మీట నొక్కండి.” ఎంత తేలికైన మాట! తేనక్క నోరు తెరిచింది. వచ్చింది ఆమె గొంతు కాదు. గరుకుగా, వేరెవరో పక్కనుంచి చెప్పినట్టు వచ్చింది. వేడినీళ్లు తాగింది, పుక్కిలించింది, పావుగంట నోరు మూసుకుని కూర్చుంది. మళ్లీ అదే గరుకు.

“రేపు పొద్దున్నే వచ్చి మొత్తం చెప్పేస్తాను,” అంది.

“ఫైలు ఇవాళ ఆరింటికల్లా పంపాలి మేడమ్,” అంది కోఆర్డినేటరు ముక్కు తుడుచుకుంటూ.

ఇంజనీరు చేతనైనంత నునుపు చేశాడు. ఆ ఒక్క వాక్యం అలాగే వెళ్లిపోయింది.

నెల తర్వాత అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ టీవీలో ఆ వీడియో వస్తోంది. రెండు నిమిషాలు తేనె. ఆ తర్వాత ఉన్నట్టుండి ఆ వాక్యం. పక్క వరసలో ఒకాయన, “మధ్యలో ఇదెవరు దూరారు?” అని భార్యతో అన్నాడు.

“నీకు జలుబు చేసినప్పుడు చెప్పావా?” అని అడిగింది అత్తగారు. “అయినా మాట మాత్రం బాగా అర్థమైందే.”

తేనక్కకు ఆ రెండో మాట చెవికెక్కలేదు. పద్దెనిమిదేళ్లలో తన గొంతు అంత పాడుగా బయటికెళ్లింది ఇదొక్కటే. అదీ తాను పట్టుబట్టి మార్పించిన వాక్యంలో. వీడియో అయిపోయి మళ్లీ మొదటినుంచి మొదలైంది. రెండు నిమిషాలు నిండకముందే, మందుల చీటీ అడిగొస్తానని చెప్పి ఆమె లేచి వరండాలోకి వెళ్లిపోయింది.