కాజీపేట భాగంలో ఆరిన దీపం

అన్యాయం ఎవరికి జరిగింది? అనసూర్యకు. ఎలా జరిగింది? నిండు సభలో, విచారణ లేకుండా, ఒక్క వాక్యంతో.

1986లో మా ఇంజనీరింగ్ కళాశాల ప్రదర్శన కోసం కంప్యూటర్ నడిపే నమూనా రైలుమార్గం తయారైంది. పెద్ద బల్ల మీద కాజీపేట, వరంగల్, స్టేషన్ ఘన్‌పూర్. కరెంటు, కంప్యూటర్ ఆజ్ఞలు రెండూ పట్టాల గుండానే ఇంజిన్లకు చేరేవి. వైరింగ్ చేసింది మా విద్యార్థిని అనసూర్య. మరమగ్గాల కార్మికుడు గుండయ్య కూతురు. పట్టాలను మూడు భాగాలుగా విడదీసి, దేనికి దానికి రక్షణ స్విచ్చి పెడదామని ఆమె కోరింది. అప్పుడు ఒకచోట షార్ట్ అయినా తక్కిన రైళ్లు ఆగవు.

"ఎల్లుండి ప్రదర్శన పెట్టుకుని ఇప్పుడు పట్టాలు కోస్తావా?" అని ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు తోసిపుచ్చారు.

ప్రదర్శనలో రైళ్లన్నీ ఒక్కసారే నిలిచిపోయాయి. కంట్రోలు పెట్టెలోంచి పొగ లేచింది. అంతా ఒకే కరెంటు కింద ఉంటే షార్ట్ ఏ మూల జరిగిందో ఎవరు చెప్పగలరు? "ఈ అమ్మాయి వైరింగే తప్పు" అని అతిథుల ఎదుట ఆయన ప్రకటించారు. ముందు వరుసలో గుండయ్య తల వంచుకున్నాడు.

అనసూర్య చదువు మానేసింది. మగ్గాల షెడ్డులో తోటివారు, "ఏం గుండన్నా, నీ బిడ్డ రైలుకే అగ్గి వెట్టిందట! జర మన షెడ్డు దిక్కు రానియ్యకే" అని నవ్వేవారు. మరుసటి వానకాలం ఆ మాట మోస్తూనే ఆయన కన్నుమూశాడు.

1988లో ప్రయోగశాల బాధ్యత, అక్కడే పాఠాలు చెప్పే నాకు అప్పగించారు. మూలన పడిన ఆ బల్లను చూసి నేరుగా అనసూర్య ఇంటికి వెళ్లాను.

"ఇప్పుడెందుకు మేడమ్? రుజువైతే మా బాపు ఇంటడా?"

"నువ్వు వింటావు. పద."

ఆమె వచ్చింది. రెండు పట్టాలనూ కోసి, సందుల్లో ప్లాస్టిక్ ముక్కలు దూర్చింది. ప్రతి భాగానికీ ఒక రక్షణ స్విచ్చి, ఒక ఆకుపచ్చ దీపం అమర్చింది.

పరిశీలనకు వచ్చిన రాజేశ్వర్ రావు, నాటి ప్రదర్శనలో తాను స్వయంగా నడిపిన విదేశీ ఇంజిన్‌నే వెంట తెచ్చారు.

"ఈసారి కాల్చవు కదా?"

"మీరే నడుపుండ్రి సార్. కాలితే మీ ఖాతలనే."

ఇంజిన్ కాజీపేటలో పట్టాలు చీలే పాయింట్ల మీదికి వెళ్లి ఆగిపోయింది. కాజీపేట దీపం ఆరింది. తక్కిన రెండు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ భాగాల్లో రైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన వేరే ఇంజిన్ పెట్టారు; సాఫీగా దాటింది. మళ్లీ తనది పెట్టారు. దీపం మళ్లీ ఆరింది.

"చక్రాలు లోపలికి జరిగినయి సార్," అంది అనసూర్య. "పాయింటు మీద రెండు పట్టాలను కలుపుతున్నయి. ఆ దినం గూడ రైళ్లు ఆగినప్పుడు మీ ఇంజిను గీడనే ఉండె."

ఆయన ఇంజిన్‌ను తిరగేసి చక్రాల మధ్య ఎడం చూశారు.

"నింద సభలో వేశారు," అన్నాను. "సభలోనే తీయాలి."

ఆ ఏటి ప్రదర్శన రోజున అనసూర్య ముందు వరుసలో ఒక కుర్చీ మీద తండ్రి కండువా పరిచింది. దాన్ని ఎవరూ కదిలించలేదు. రాజేశ్వర్ రావు కాగితం లేకుండా నిలబడ్డారు.

"రెండేళ్ల కిందట ఇక్కడే ఈ అమ్మాయిని నిందించాను. ఆమె వైరింగ్ సరైనదే. షార్ట్ నా ఇంజిన్ వల్ల జరిగింది. పట్టాలు విడదీద్దామంటే విననిది నేనే. చివరి ఏడాది చదువుకు ఆమెను తిరిగి చేర్చుకున్నాం. గుండయ్య గారూ, మీ కూతురు తప్పు చేయలేదు."

చివరి వాక్యం ఆయన ఆ కుర్చీని చూస్తూ చెప్పారు. బాకీ పడిన మాటల్లో ఒక్కటి కూడా మిగుల్చుకోలేదు.

అనసూర్య కండువా మడిచి గుండెలకు అదుముకుంది. "ఇన్నవా బాపూ?" అంది.