వేడిపాలు

మా దేవకి ముందరి పళ్ళు నాలుగూ నల్లబడేనాటికి దానికింకా రెండేళ్ళు నిండలేదు. 1944లో, చెరకు గానుగ ఆడుతున్న రోజులవి. ఐరాల దగ్గర మా తోటలో, బెల్లం వండే పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పిని ఎగదోయడం నా పని. మంట తగ్గితే పాకం చెడుతుంది కనుక పొద్దు వాలేదాకా లేవకూడదు. కూలిమనిషిని పెట్టవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "ఇంట్లో నువ్వుండంగా కూలెందుకే?" అని నవ్వినాడు నా భర్త ఏకాంబరం.

పక్కన పందిరి కింద బిడ్డ ఏడిస్తే, మా అత్త రుక్మిణమ్మ పాతగుడ్డలో బెల్లంముక్క మూటగట్టి, తడిపి, నోట్లో పెట్టేది. దేవకి దాన్ని చీకుతూనే నిద్రపోయేది. నల్లబడిన పళ్ళు చూసి ఆవిడే తీర్పు కూడా చెప్పింది:

"దినమంతా పొయ్యి కాడ కూసుంటే పాలు ఉడికిపోకుండా ఉంటాయా? ఆ వేడికే బిడ్డ పండ్లు మాడిపోయినాయి."

నన్ను అక్కడ కూర్చోబెట్టినవాళ్ళే, కూర్చున్నందుకు నా పాలను తప్పుపట్టారు. అత్త నా రొమ్ములకు వేపాకు ముద్ద పూసింది. దేవకి నోరు పెట్టి, తీసి, నా కళ్ళలోకి చూసింది. మూడు రోజులు ఏడ్చింది. నాలుగోనాడు నా ఒడిలోకి రావడమే మానుకుంది. బెల్లం మూట మాత్రం దాని నోరు వదలలేదు.

దవడ వాచాక చిత్తూరు తీసుకుపోయాం. డాక్టరమ్మ నాలుగు పళ్ళూ పీకి, "పాల తప్పేమీ లేదు. బెల్లం నోట్లో నానుతుంటే పళ్ళు పుచ్చవా?" అంది. బయటికి రాగానే ఏకాంబరం, "ఈ మాట ఇంట్లో అనొద్దు. అమ్మ నొచ్చుకుంటాది," అన్నాడు. నేను అనలేదు. అత్త నా పాలను ఎంత తిట్టినా నేను ఊరుకోవడాన్ని అందరూ నా అణకువ అనుకున్నారు. అది పిరికితనమని నాకు తెలుసు.

రెండేళ్ళకు, మళ్ళీ అదే పొయ్యి. ఏడునెలల నా కొడుక్కి మొదటి పన్ను మొలిచింది. వాడు ఏడవగానే అత్త గుడ్డలో బెల్లం పెట్టి ముడివేసింది. నేను లేచి ఆ మూటను మంటలో వేసి, బిడ్డను తీసుకుని, అందరి ఎదుటా పాలిచ్చాను.

"మంట తగ్గిపోతాండాది! పాకం సెడితే ఎవురు బాధ్యులు?" ఏకాంబరం అరిచాడు.

"ఆ పొద్దు డాక్టరమ్మ సెప్పింది మీరూ ఇన్నారు. అత్తకు మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

అతను వంగి, పొయ్యిలోకి పిప్పి తోయడం మొదలుపెట్టాడు.

దేవకి దగ్గరికి వచ్చి తమ్ముడి నోటివైపు చాలాసేపు చూసింది.

"అమ్మా, వానికి సేదు తగల్లేదా?"