నిలువు కోత

మధ్యాహ్నం రెండయింది. ముప్పై మీటర్ల కాలువలో ఇంకా పన్నెండు మిగిలే ఉన్నాయి. బత్తలపల్లె దాటాక రోడ్డు పక్కన గరుసు నేల మరీ గట్టిది. గడ్డపార దిగిన ప్రతిసారీ ఖంగుమని మోగి, ఆ అదురు భుజాల దాకా ఎక్కుతోంది. ఫోన్ కేబులు వేసే కాలువ అది. అడుగున్నర వెడల్పు, గుండెల లోతు. మీటరుకు రెండు వందలు. అది పదకొండు మందీ పంచుకోవాలి.

మేస్త్రి రామాంజనేయులు అంచున నిలబడి కొలకట్టె దించాడు. లోతు సరిపోయింది. రెండు పక్కలా గోడలు కత్తితో కోసినట్టు నిలువుగా ఉన్నాయి. శింగనమల గుంపు కోత అంటే అంతే. ఏ కాంట్రాక్టరు వచ్చినా ముందు ఆ గోడలు చూసే మేస్త్రి భుజం తడతాడు. నాలుగు నెలలుగా మాత్రం రామాంజనేయులు వాటి వైపు చూడలేకపోతున్నాడు. కట్టె దించుతాడు, గుర్తు చూస్తాడు, తల తిప్పుకుంటాడు.

"ఏం మేస్త్రీ, పొద్దున్నించీ ఒక్క మాటా లేదు. నోట్లో గరుసు పోసుకున్నావా?" మట్టి గంప తలకెత్తుకుంటూ అడిగింది ఆంజినమ్మ.

"నీకు పనేమీ లేదా?"

"పని లేకుండా ఈ ఎండలో పెండ్లి చూసేదానికి వచ్చినానా?"

కాలువలో ఉన్నవాళ్లు నవ్వారు. రామాంజనేయులు నవ్వలేదు.

అప్పుడే రాజేంద్ర మోటారు సైకిలు వచ్చి ఆగింది. ధర్మవరం మనిషి. ఇంట్లో పట్టు మగ్గం అమ్మేసి, కేబులు పనులు చేయించే కంపెనీలో సూపర్‌వైజరుగా చేరాడు. గుంపుకు కాస్త దూరంగా, తుమ్మచెట్టు నీడలోకి రమ్మని మేస్త్రికి సైగ చేశాడు. జేబులోంచి కాగితం తీసి, గొంతు తగ్గించి చదివాడు.

సముద్రం నడుమ దీవిలో ఇసుక కాలువ తవ్వేటప్పుడు గోడలు కూలకుండా అడ్డుగా పెట్టే పలకలు కంపెనీ ఇచ్చిందట. గుంపులోని కూలీ ఓబన్న వాటిని వాడకుండా, గోడను నిలువు తప్పి కోసినందువల్ల అది అతని మీద పడిందట. తప్పు పూర్తిగా అతనిదేనట. కంపెనీ దయతో ఇస్తున్న లక్ష రూపాయలు తీసుకుని, ఇక ఏ ఆఫీసుకూ ఏ కోర్టుకూ పోనని ఓబన్న ఒప్పుకుంటున్నాడట. కింద ఓబన్న సంతకానికి చోటు. దాని కింద సాక్షి, మేస్త్రి రామాంజనేయులు.

"పలకలు యాడ ఇచ్చినారప్పా?"

"రెండు వచ్చినాయి కదన్నా."

"అవి ఇంజనీర్ల డేరాలో కింద పరిచినారు, కాళ్లకు ఇసుక అంటకుండా. నువ్వూ ఆడే ఉంటివి."

"ఉంటి. అడిగింటే తీసి ఇస్తా ఉండ్రి. నువ్వు అడిగినావా?"

రామాంజనేయులు అడగలేదు. పలకలు నిలబెట్టాలంటే పొద్దు పోతుంది. పొద్దు పోతే మీటర్లు తగ్గుతాయి.

"సంతకం కాకపోతే ఈ కాలువ రేపట్నుంచి ఇంకో గుంపుకు ఇస్తారంట. నా చేతిలో ఏమీ లేదన్నా. నాకూ ఇద్దరు పిల్లోల్లుండారు." రాజేంద్ర కూడా అతని కళ్లలోకి చూడకుండానే అన్నాడు. "బండెక్కు. పొద్దు గుంకేలోపల అయిపోతాది."

రామాంజనేయులు ఎక్కాడు. ఓబన్న ఊరు శింగనమల పక్కన. గంట ప్రయాణం.

నాలుగు నెలల కింద దీవికి పోయే ఓడ చెన్నైలో ఎక్కినప్పుడు గుంపంతా ఎంత సంబరంగా ఉండింది! మూడు రోజులు నీళ్లే. తల్లి తిమ్మమ్మ కట్టిచ్చిన సద్ద రొట్టెలు ఓబన్న అందరికీ పంచిపెట్టాడు. పెద్ద దీవికి సముద్రం అడుగున కేబులు అంతకుముందే వచ్చింది. అక్కడినుంచి ఒక చిన్న దీవికి ఇప్పుడు ఇంకోటి వేస్తున్నారు. ఓడ దాన్ని నీళ్ల అడుగున పరుచుకుంటూ వచ్చి ఒడ్డుకు కాస్త దూరంలో ఆగుతుంది. గాలి నింపిన సంచులు కట్టి, కేబులును తేలేట్టు చేసి ఒడ్డుకు లాగుతారు. నీళ్ల అంచు నుంచి ఒడ్డు మీది సిమెంటు గది దాకా అది పోవడానికి కాలువ కావాలి. మనిషి నిలువెత్తు లోతు. ఆ దీవి వాళ్లు ఫోను పలకాలంటే గుట్టెక్కి చేతులు పైకెత్తేవాళ్లు. ఆసుపత్రి డాక్టరు కూడా అట్లాగే నిలబడేవాడు. ఓబన్న అది చూసి, "మన గొర్రెలోల్లు గూడా గుట్ట మింద ఫోన్లో సినిమా చూస్తారు కద మామా, పాపం వీళ్లు" అన్నాడు.

నీళ్లు వెనక్కి పోయాక, తెల్లవారుతుండగా తవ్వడం మొదలుపెట్టారు. తడి ఇసుక వెన్నలా తెగింది. గోడ నిలువుగా నిలబడింది. గరుసులో రోజంతా పట్టే పని గంటలో అవుతుంటే అందరికీ నవ్వొచ్చింది.

"చూసినారా, సముద్రం ఇసుక గూడా మన మాట ఇంటాది" అన్నాడు రామాంజనేయులు.

ఓబన్న ఒక్కడే పార ఆపాడు. గోడను అరచేత్తో తట్టి చూశాడు. తర్వాత పైఅంచు నుంచి వాలుగా కోయసాగాడు. వాలుగా కోస్తే గోడ కూలదు గానీ రెండింతల ఇసుక ఎత్తాలి, కూలి మాత్రం అదే మీటరు లెక్క. కేబులు ఓడ ఎల్లుండికి వస్తుంది, ఆలోపల కాలువ కావాలి. పైగా వాలు కోతను గుంపులో ఎవరూ కోయరు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పిరికి కోత.

"ఏమిరా, పిరికి కోత కోస్తాండావు? నీ పెండ్లాం గంగాదేవి కొంగు కప్పి పంపించినాదా నిన్ను?" అన్నాడు రామాంజనేయులు.

పది మందీ పడీ పడీ నవ్వారు. ఓబన్న చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ అనకుండా తిరిగి నిలువుగా కోశాడు. గుంపులో అందరికంటే చక్కగా కోశాడు.

పదిన్నరకు ఎండకు పైన ఇసుక ఆరింది. అడుగున నీరు ఊరింది. గోడ ఓబన్న మీద పడినప్పుడు చప్పుడు కూడా కాలేదు. చేతులతో తవ్వి తీశారు. తల, భుజాలు బయటపడ్డాక ఇంజనీరు పరుగెత్తుకొచ్చి ఎట్లా జరిగిందని అరిచాడు. రామాంజనేయులు అన్నాడు: "వాడు నిలువు తప్పినాడు సార్."

నడుము దాకా ఇసుకలో ఉన్న ఓబన్న ఆ మాట విన్నాడు.

మిగిలిన కాలువను మరుసటి రోజు వాలుగా కోయించింది రామాంజనేయులే. ఈసారి దాన్ని ఎవరూ పిరికి కోత అనలేదు. ఓడ వచ్చింది. మణికట్టంత లావు కేబులు ఆ కాలువలో పడుకుంది. దీవి వాళ్లు టపాకాయలు కాల్చారు.

రేకుల ఇంటి ముందర బండి ఆగింది. లోపల నులక మంచం మీద ఓబన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. విరిగిన తుంటి ఎముక సరిగా అతకలేదు. గంగాదేవి అతని వీపు కింద దుప్పటి మడతపెట్టి సర్దుతోంది.

"రా మామా! ఏం, బత్తలపల్లెలో కాలువంట. గరుసేనా?" ఓబన్న ముఖం వెలిగింది. "నేను లేని కోత ఎట్లుండాది?"

"ఉండాదిలే."

"పెద్దనాయనా, కూచో" అని గంగాదేవి స్టూలు జరిపింది. "అత్త మేకల కాడికి పోయినాది. వచ్చేస్తాది."

ఓబన్న ఫోను పైకెత్తి చూపించాడు. "దీవిలో టీ అంగడాయన మొన్న వీడియో కాల్ చేసినాడు మామా. బొమ్మ ఏం స్పష్టంగా వచ్చినాది! కాలువ యాడుందో చూపించమంటే సముద్రం చూపించినాడు. పూడ్చేసినారు కదా, ఏం కనపడ్లా." నవ్వబోయి, నడుము పట్టేయడంతో పళ్లు బిగించాడు. నొప్పి తగ్గాక నెమ్మదిగా అన్నాడు. "గుంపు పేరు చెడగొట్టినా మామా. అన్నేండ్లు నీ దగ్గర నేర్చుకోని, ఒక్క గోడ నిలువు తప్పితి. అమ్మ గూడా ఇంటింటికీ పోయి చెప్పుకుంటాది, మావాడిదే తప్పు, ఏమనుకోవద్దండని."

రామాంజనేయులు స్టూలు మీద కూర్చోలేకపోయాడు. నిలబడే ఉన్నాడు.

రాజేంద్ర కాగితం చదివాడు. లక్ష అన్న దగ్గర కొంచెం గట్టిగా, మిగతాదంతా గబగబా చదివాడు. గంగాదేవికి అర్థం కాలేదు.

"ఆపరేషన్‌కు మూడు లచ్చలన్నారు కదన్నా అనంతపురంలో. లచ్చ తీసుకుంటే మిగిలింది ఎవురిస్తారు?"

"లేకపోతే అదీ రాదమ్మా."

"నువ్వుండే గంగా" అన్నాడు ఓబన్న. "తప్పు చేసినోడికి లచ్చ ఇస్తాండారు. అది చాలదంటే ఏం బాగుంటాది? పెన్ను ఇయ్యన్నా."

పెన్ను అందుకున్నాడు. పడుకునే రాయాలి గనుక రాజేంద్ర కాగితం కింద అట్ట పెట్టి, పట్టుకుని వంగాడు. 'ఓ' అక్షరం సగం పడింది.

"నిలుపు" అన్నాడు రామాంజనేయులు.

"ఏం మామా?"

"నిలుపురా. రాయొద్దు." అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "నువ్వు నిలువు తప్పలేదు. వాలుగా కోస్తా ఉంటివి. ఎగతాళి చేసి నిలువుగా కోయించింది నేను. పలకలు అడగనోన్ని నేను. ఆ పొద్దు ఇంజనీరుతో చెప్పింది అబద్దం."

రాజేంద్ర నిటారుగా లేచాడు. "అన్నా, ఏం మాట్లాడతాండావో తెలుస్తాందా? పదిమంది కూలి పోతాది రేపు."

"పోతాది."

"ఆంజినమ్మకు నువ్వే చెప్పుకో."

"చెప్పుకుంటా. నేను సాచ్చి సంతకం పెట్టను. ఎవురడిగినా ఇదే మాట చెప్తా."

రాజేంద్ర కాసేపు కాగితాన్ని చూశాడు. ఓబన్న చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. కాగితం మడిచి బయటికి నడిచాడు. బండి చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

ఓబన్న కప్పు రేకుల వైపు చూస్తూ అడిగాడు.

"అయితే నా గోడ నిలువే కద మామా?"

"నిలువేరా. గుంపులో ఎవురూ అట్ల కోయలేదు."

ఓబన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సంతోషమో ఏడుపో గంగాదేవికి తెలియలేదు. వేళ్ల సందుల్లోంచి మాట వచ్చింది.

"నాలుగు నెల్లు మామా. నాలుగు నెల్లు ఈ మంచం మీద పండుకోని ఆ గోడనే మల్లా మల్లా కోస్తాండా. యాడ వంకర పోయినానో అని."

రామాంజనేయులు మంచం కోడు పట్టుకోబోయాడు. గంగాదేవి అడ్డంగా వచ్చి నిలబడింది. అతన్ని ముట్టలేదు, పొమ్మనలేదు. పెద్దనాయనా అని పిలవనూ లేదు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బయట మేకల గిట్టల చప్పుడు వినిపించింది. తిమ్మమ్మ కట్టె మూలన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. మేస్త్రిని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"ఎప్పుడొస్తివన్నా? నిలబడే ఉండావేమి? గంగా, మీ పెద్దనాయనకు నీళ్లన్నా ఇచ్చినావా? మావాడు చేసిన పనికి ఇంగొకరయితే ఈ గడప తొక్కరు. నువ్వు కాబట్టి వస్తాండావు."

ఆమె ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"ఏమైనాదిరా?"

ఓబన్న ముఖం మీది చేతులు తీశాడు. రామాంజనేయులు వైపు తిరిగాడు.

"మామ చెప్తాడు లేమ్మా" అన్నాడు. "చెప్పు మామా. అమ్మకు చెప్పు."